కందికట్టెలోని గ్యాసు

తాండూరు అనగానే ఎవరికైనా ముందు కందిపప్పు గుర్తుకొస్తుంది, ఆ తర్వాత నాపరాయి. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్నది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఆ నల్లరేగడి గురించి, ఆ పప్పు రుచి గురించి, అది ఎంత తొందరగా ఉడుకుతుందో దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పూట నేను చెప్పబోయేది గింజ రాల్చుకున్నాక చేనులో మిగిలే కట్టె గురించి.

క్వింటాలు కందులు పండాయంటే దాదాపు రెండున్నర క్వింటాళ్ల కట్టె పెరిగిందన్నమాట. ఎకరాకు ఐదు క్వింటాళ్లు వచ్చిన చేనులో పన్నెండు క్వింటాళ్ల ఎండుకట్టె ఉంటుంది. పత్తి చేనులో ఇంకాస్త ఎక్కువే. మక్క వేసిన చోట చొప్ప పశువులకు పోగా, గింజ ఒలిచిన బెండ్లు కుప్పలు పడతాయి. వికారాబాద్, పరిగి, తాండూరు, కొడంగల్ చుట్టూ సంక్రాంతి వెళ్లాక తిరిగితే ఈ కుప్పలు ఊరూరా కనిపిస్తాయి.

అవి ఏమవుతున్నాయి? కందికట్టెను మన పల్లెల్లో ఎవరూ ఊరికే పారేయలేదు. దడి కట్టుకున్నారు, పందిరి వేసుకున్నారు, గుడిసె కప్పు కింద పరిచారు, నెత్తిన మోపు పెట్టుకుని తెచ్చి పొయ్యిలో పెట్టారు. ఇప్పుడు దడికి ఇనుప జాలి వచ్చింది, కప్పుకు రేకు వచ్చింది, వంటకు సిలిండర్ వచ్చింది. కూలి ధర పెరిగింది. కట్టెను కోసి, కట్టలు కట్టి, ఇంటికి చేర్చే ఖర్చు కంటే అగ్గిపుల్ల చవక. పత్తికట్టె సంగతి మరీ కష్టం. గులాబీ రంగు పురుగు మోళ్లలో, ఎండిన కాయల్లో దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది కాబట్టి వేసవిలోపు కట్టెను పీకి చేనులో లేకుండా చేయమని వ్యవసాయాధికారులే చెబుతారు. ఆ మాట సరైనదే. ముక్కలు కొట్టే యంత్రం దొరకని రైతు దాన్ని ఒడ్డుకు చేర్చి అంటిస్తాడు. రైతును తప్పుపట్టి లాభం లేదు. ఆ కట్టెకు ఎవరూ ధర కట్టలేదు, అందుకే అది మంటల్లోకి పోతోంది.

ధర ఎందుకు కట్టాలో చెప్పడానికి ముందు ఆ మంటనే కాస్త దగ్గరగా చూద్దాం. పొయ్యిలో పెట్టిన కందికట్టెను ఎప్పుడైనా గమనించారా? నిప్పు తగిలిన కొస మండుతుంటే, రెండో కొసలోంచి పొగ చిమ్ముతుంది. ఆ పొగకు మంట చూపిస్తే అదీ భగ్గుమంటుంది. నిజానికి కట్టె కట్టెగా మండదు. వేడికి ముందు అందులోని తేమ ఆవిరవుతుంది. తర్వాత కట్టె విచ్చుకుపోయి మండే ఆవిర్లను, వాయువులను వదులుతుంది. మనం మంట అనుకునేది ఆ వాయువుల మంట. అవన్నీ పోయాక మిగిలే బొగ్గు చివరన నిప్పుకణికగా కాలుతుంది. మామూలు పొయ్యిలో ఈ పనులన్నీ ఒక్కచోటే, ఒకదాని మీద ఒకటి, అదుపు లేకుండా జరుగుతాయి. సగం వాయువు మండకుండానే పొగై కళ్లను మండిస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెలోని వేడిలో పదో వంతు గిన్నెకు చేరితే గొప్ప.

గ్యాసిఫైయర్ అనే యంత్రం ఈ పనులను విడదీసి, వరుసలో పెడుతుంది. నిలువుగా నిలబెట్టిన ఇనుప పీపా, లోపల నిప్పుకు తట్టుకునే ఇటుక పూత. పైనుంచి కట్టె ముక్కలు వేస్తారు. కిలో కట్టె పూర్తిగా కాలాలంటే ఆరు కిలోల దాకా గాలి కావాలి. ఇందులో కిలోన్నర మాత్రమే ఇస్తారు. కట్టెకు కావలసినంత గాలి దొరకనివ్వకపోవడమే ఇందులోని కిటుకు. పైఅరలో కట్టె ఎండుతుంది. కింద గాలి తగలకుండా వేగి బొగ్గుగా మారుతూ వాయువులు వదులుతుంది. ఇంకా కింద, గాలి లోపలికొచ్చే చోట, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కొంత భాగం మండుతుంది. అక్కడ పుట్టిన బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఆ కిందనున్న ఎర్రటి బొగ్గుల గుండా దిగిపోవాలి. ఎర్రటి బొగ్గు వాటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మండదనుకున్న బొగ్గుపులుసు వాయువు, మండే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. నీటి ఆవిరిలోంచి హైడ్రోజన్ విడివడుతుంది. నాకు ఈ ఘట్టమంటే ఎంతో ఇష్టం. బూడిద కావడానికి ఒక్క అడుగు ముందు, ఆ వేడి కట్టెలోని శక్తిని మళ్లీ ఇంధనంగా మూటగడుతోంది.

కింది నుంచి బయటికొచ్చే దాన్ని ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఐదో వంతు, హైడ్రోజన్ కూడా ఇంచుమించు అంతే, మీథేన్ రెండు శాతం, మిగతాది ఎక్కువగా గాలిలోంచి వచ్చిన నత్రజని. కిలో ఎండుకట్టెకు రెండున్నర ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఘనపు మీటరుకు వెయ్యి కిలో కేలరీల పైచిలుకు వేడి ఉంటుంది. సహజవాయువుతో పోలిస్తే ఇది ఎనిమిదో వంతు. అంత పలచటి గ్యాసును సిలిండర్‌లో నింపి ఊళ్లు దాటించడం కుదరదు. ఎక్కడ పుట్టిందో అక్కడే, అప్పుడే వాడుకోవాలి. గోబర్‌గ్యాస్‌తో దీన్ని కలపకండి. అక్కడ తడి పేడను సూక్ష్మజీవులు వారాల తరబడి పులియబెడతాయి. ఇక్కడ ఎండు కట్టె నిప్పులో నిమిషాల్లో గ్యాసవుతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు గురించి విని ఉంటారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పద్ధతితో దాన్ని కట్టారు. తడి సరుకుకు అది సరైన దారి. కందికట్టె, పత్తికట్టె లాంటి గట్టి సరుకును పులియబెట్టడం సూక్ష్మజీవులకు అంత తేలిక కాదు.

అన్ని ఎండు సరుకులూ దీనికి పనికి వస్తాయా అంటే రావు. వరిగడ్డినే తీసుకోండి. అందులో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ. పెద్ద వేడికి ఆ బూడిద కరిగి, చిట్టెం కట్టి, పీపా గొంతుకు అడ్డం పడుతుంది. ఊకలో ఐదో వంతు బూడిదే. దానికి వేరే రకం యంత్రాలు ఉన్నాయి. కందికట్టె అలా కాదు. పేరుకు పంట మొక్క అయినా ఆరేడు నెలలు చేనులో నిలబడి చిన్నపాటి చెట్టులా చేవ కడుతుంది. బూడిద కొద్ది శాతమే. పత్తికట్టె, మక్క బెండ్లు కూడా ఆ కోవలోవే. వరి పండే జిల్లాలకు లేని మంచి ముడిసరుకు మన చెలకల్లో పండుతోందని నేను అంటున్నది ఇందుకే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకక ఐరోపా అంతా కట్టెగ్యాసుతో బండ్లు నడిపింది. ఒక్క స్వీడన్‌లోనే డెబ్బై వేలకు పైగా వాహనాలు అలా తిరిగాయి. మన దక్షిణాదిలోనూ ఆ రోజుల్లో బొగ్గు బస్సులు నడిచాయి. బస్సు వెనక నిలువు పీపా, దాన్ని రాజేయడానికి క్లీనర్ చేత్తో తిప్పే పంకా. పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ బస్సుల మాట చెబుతారు. ఎత్తు వస్తే జనం దిగి తోయాల్సి వచ్చేదట. గ్యాస్ పలచన కాబట్టి ఇంజను బలం తగ్గుతుంది మరి. యుద్ధం ముగిసింది, పెట్రోలు తిరిగొచ్చింది, పీపాలు పాత ఇనుముకు పోయాయి. 1973లో చమురు ధర మండిపోయాక ప్రపంచానికి మళ్లీ ఇది గుర్తొచ్చింది.

మన పక్క రాష్ట్రంలో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏ.కె.ఎన్. రెడ్డి గారు పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని మొదలుపెట్టారు. ఆ సంస్థలోనే ప్రొఫెసర్ ముకుంద బృందం పైభాగం తెరిచి ఉండే గ్యాసిఫైయర్‌ను రూపొందించింది. తుమకూరు జిల్లాలో హోసహళ్లి అని ముప్పై అయిదు ఇళ్ల ఊరు. అప్పటికి అక్కడ కరెంటు లేదు. 1980ల చివర్లో అక్కడ చిన్న గ్యాసిఫైయర్ పెట్టి, ఊరివాళ్లే పెంచిన చెట్ల కట్టెతో ఇళ్లలో దీపాలు వెలిగించారు, తాగునీరు తోడారు, పిండిమర నడిపారు. పదేళ్లకు పైగా నడిచిందది. దేశంలో ఇంత చిన్న పల్లెలో ఇంతకాలం ఇలా నడిచినవి అరుదు. ఆ సంగతిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అదే కాలంలో ప్రభుత్వ సబ్సిడీతో ఐదు హార్స్‌పవర్ గ్యాసిఫైయర్ పంపుసెట్లు దేశమంతా ఇచ్చారు. వాటిలో చాలా భాగం మూలనపడ్డాయి. ఎందుకు పడ్డాయో తెలుసుకోకుండా మళ్లీ అదే పని మొదలుపెడితే మళ్లీ అదే జరుగుతుంది. మొదటి కారణం తారు. కట్టె విచ్చుకునేటప్పుడు చిక్కటి జిగురు ఆవిరి కొంత తప్పకుండా పుడుతుంది. కట్టెలో తేమ ఉన్నా, ముక్కలు సమంగా లేకపోయినా, వేడి తగ్గినా అది పూర్తిగా విరిగిపోదు. ఇంజనులోకి వెళ్లి చల్లబడగానే వాల్వులకు అంటుకుని బిగుసుకుపోతుంది. దాన్ని కడగడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు నల్లగా, ఘాటుగా, విషమై బయటికొస్తాయి, వాటిని ఎక్కడో పోయాలి. రెండో కారణం మనిషి. రోజూ కట్టె ముక్కలు కొట్టాలి, ఫిల్టరు విప్పి కడగాలి, బూడిద తీయాలి. డీజిలు ఇంజనుకు హ్యాండిల్ తిప్పితే చాలు. డీజిలు చవకగా దొరికినన్నాళ్లు ఆ చాకిరీ ఎవరు చేస్తారు? సబ్సిడీలో వచ్చిన ఇంజను వాడుకుని, గ్యాసిఫైయర్‌ను గోడకు చేర్చినవాళ్లు ఎందరో.

తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైంది. అలాంటి చోట బోరు నడపడానికి గ్యాసిఫైయర్ పెట్టుకోమని చెప్పేవాళ్ల మాట వినకండి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: కందికట్టె గ్యాసుతో కరెంటు తీయాలనే ఆశను పక్కన పెట్టి, ముందు దాన్ని వేడికి వాడుకోవాలి.

ఎందుకంటే గ్యాసును వేడివేడిగా ఉన్నప్పుడే బర్నర్‌లోకి పంపితే తారు ఆవిరిగానే ఉండి గ్యాసుతో పాటు మండిపోతుంది. కడగడం లేదు, నల్లనీళ్లు లేవు, బిగుసుకునే వాల్వు లేదు. ఇంజనుకు శత్రువైన తారు పొయ్యికి ఇంధనం అవుతుంది. లెక్క కూడా చూడండి. ఎకరాలో పన్నెండు క్వింటాళ్ల కట్టె ఉందనుకుంటే, ఇంటి అవసరానికి, నేలకు మూడో వంతు వదిలేసి ఎనిమిది క్వింటాళ్లు తీసుకుందాం. హోటళ్లలో వాడే పందొమ్మిది కిలోల సిలిండర్‌లోని వేడి, ఎనభై కిలోల ఎండుకట్టె నుంచి వచ్చే గ్యాసులో ఉంటుంది. అంటే ఎకరా కట్టెలో పది సిలిండర్ల వేడి ఉంది. తేమకు, తరుగుకు కొంత పోయిందనుకున్నా ఏడెనిమిది నిలుస్తాయి. అదే ఎనిమిది క్వింటాళ్లతో ఇంజను తిప్పి కరెంటు తీస్తే, యూనిట్‌కు కిలో నుంచి కిలోన్నర దాకా కట్టె పోతుంది కాబట్టి ఆరు వందల యూనిట్ల చుట్టుపక్కల వస్తుంది. ఏడు కమర్షియల్ సిలిండర్ల ధర ఎంతో, ఆరు వందల యూనిట్ల కరెంటు ధర ఎంతో మీ ఊళ్లోనే అడిగి చూడండి. రెంటికీ పోలికే లేదు.

మరి వేడి ఎవరికి కావాలి? తాండూరులో పప్పు మిల్లులు ఉన్నాయి. కందిని పప్పుగా మార్చాలంటే పొట్టు వదలడానికి గింజకు నూనె పట్టిస్తారు, తడిపి ఆరబెడతారు. ఆరబెట్టడం ఎక్కువగా ఎండ మీద ఆధారపడే పని. మబ్బు పట్టిన రోజుల్లో మిల్లు నిలిచిపోతుంది, లేదా వేడిగాలి యంత్రానికి ఇంధనం కొనాలి. కంది పండిన చేనులోని కట్టె, అదే కందిని ఆరబెట్టడానికి పనికొస్తుంది. దూరం కూడా పదీ ఇరవై కిలోమీటర్లే. వందల మందికి వండే గురుకులాల వంటశాలలు, హాస్టళ్లు, హోటళ్లు, పెళ్లిమండపాలు, పసుపు ఉడకబెట్టే చోట్లు, జహీరాబాద్ వైపు బెల్లం వండే గానుగలు ఇవన్నీ రోజుకు కొన్ని గంటలు ఒకే తీరున వేడి కోరే పనులు. గ్యాసిఫైయర్‌కు సరిపడేది అదే, గంటకోసారి ఆపి మళ్లీ వెలిగించే పని దానికి పడదు. తాండూరు చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలు కట్టెను నేరుగానే మింగగలవు, వాటికి గ్యాస్ చేసి ఇవ్వనవసరం లేదు. కానీ కట్టె అంతా పోయి పెద్ద బట్టీలో పడితే రైతుకు దక్కేది కట్టె ధర మాత్రమే. మిల్లువాళ్లు, రైతు సంఘాలు కలిసి గ్యాస్ పెట్టుకుంటే వేడి ధరలో కూడా వాటా దక్కుతుంది. నా మొగ్గు రెండోదాని వైపే.

ఇంటి పొయ్యి మాట కూడా చెప్పాలి. సిలిండర్ వచ్చిన ఇళ్లలో కూడా స్నానాల నీళ్లు కట్టెపొయ్యి మీదే కాగుతున్నాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి గారు ఎన్నో ఏళ్లుగా చిన్న గ్యాస్ పొయ్యిల మీద పనిచేశారు. డబ్బాలో కట్టె ముక్కలు నింపి పైనుంచి వెలిగిస్తారు. నిప్పు పైనుంచి కిందికి దిగుతుంటే వాయువులు పైకి లేచి, అక్కడ గాలితో కలిసి పొగ లేకుండా మండుతాయి. వంటయ్యాక అడుగున బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గును నేలలో కలపాలన్నది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. హైదరాబాద్‌లోని మెట్టవ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడా కూడా కంది, పత్తి, మక్క, ఆముదం కట్టెలతో బొగ్గు చేసే డ్రమ్ము బట్టీని తయారుచేసింది. ఆ బొగ్గుకు కొంచెం క్షార గుణం ఉంటుంది. తాండూరు నల్లరేగడికి సున్నం పాలు ముందే ఎక్కువ కాబట్టి అక్కడ దానితో వచ్చే మేలు తక్కువ. వికారాబాద్, అనంతగిరి చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో, నీరు నిలవని చెలకల్లో అది బాగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఘన ఇంధనాన్ని గ్యాసుగా మార్చే విద్యకు హైదరాబాద్ చాలాకాలంగా నిలయం. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాలే తర్వాత ప్రాంతీయ పరిశోధనశాల (ఆర్.ఆర్.ఎల్.) అయి, ఇప్పుడు ఐఐసీటీగా ఉంది. బూడిద ఎక్కువగా ఉండే మన గని బొగ్గును గ్యాసుగా మార్చే ప్రయోగ ప్లాంటు, రోజుకు ఇరవై నాలుగు టన్నులది, అక్కడ నడిచింది. 2021లో బీహెచ్ఈఎల్ హైదరాబాద్ పరిశోధన కేంద్రం అలాంటి బొగ్గునే గ్యాస్ చేసి, దాంతో మిథనాల్ తీసి చూపించింది. బొగ్గు మీద అంత పని చేసిన నగరం నుంచి తాండూరుకు నూరు కిలోమీటర్ల పైచిలుకే. కందికట్టె మీద కూడా ఆ శ్రద్ధ పెట్టమని ఆ సంస్థలను అడిగే హక్కు ఈ ప్రాంత రైతులకు ఉంది.

ఇక జాగ్రత్తలు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది చేరితే మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గ్యాసిఫైయర్ ఎప్పుడూ బయట, గాలి ఆడే చోట ఉండాలి. పైపు ఎక్కడ కారినా ఆపేయాలి, దాన్ని చల్లారనిచ్చే వేళ కూడా దగ్గర కూర్చుని కునుకు తీయకూడదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పకపోతే వాళ్ల దగ్గర కొనకండి. రెండోది, కట్టెకు ధర వచ్చిన రోజు మొదట నష్టపోయేది ఇప్పుడు దాన్ని ఉచితంగా ఏరుకుంటున్న భూమిలేని ఆడవాళ్లు. ఊళ్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఏరే పని, కట్టలు కట్టే పని, ముక్కలు కొట్టే పని వాళ్లకే కూలిగా దక్కేలా ముందే మాట్లాడుకోవాలి. వాళ్ల పొయ్యికి సరిపడా కట్టెను తీసి పక్కన పెట్టాలి.

కోతలో ఒక మార్పు కూడా వస్తోంది. కొన్ని చోట్ల కందికి కూడా కోత మిషన్లు దిగుతున్నాయి. మిషన్ కోస్తే కట్టె పై భాగం పిప్పిగా చెదిరిపోతుంది, మోడు చేనులో నిలబడుతుంది. కొడవలితో కోసి కళ్లంలో కొట్టిన కంది కట్టె మాత్రం నిండుగా, కట్టకు అనువుగా దొరుకుతుంది. రైతు సంఘాలు మిషన్ కుదుర్చుకునేటప్పుడు కట్టె సంగతి కూడా అందులో చేర్చాలి.

ఈ యాసంగిలో ఏదైనా సంఘం చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. కోత అయిన ఒక్క ఎకరంలో కట్టెను కట్టలు కట్టించి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. ఏరడానికి, మోయడానికి, ముక్కలు కొట్టడానికి ఎన్ని కూలీలు పట్టాయో పక్కన రాయండి. ఆ ముక్కలను వానకు తడవని షెడ్డులో, చెదలు పట్టకుండా నేలకు ఎత్తుగా పేర్చి, నెల తర్వాత మళ్లీ తూకం వేయండి. తేమ ఎంత పోయిందో తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని దగ్గరి పప్పు మిల్లు యజమాని దగ్గరికి వెళ్లి, ఆరబెట్టడానికి నెలకు ఎంత ఇంధనం కొంటున్నారో అడగండి. యంత్రం కొనాలా వద్దా అన్నది ఆ రెండు లెక్కలను ఎదురెదురుగా పెట్టాక తేల్చుకోవచ్చు.